చలికి వణికే కుక్కకు కుంపటి పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు దగ్గర ఊరు. మా నాటు కుక్క మోతీకి తొమ్మిదేళ్లు. ఇరవై కిలోల దాకా ఉంటాడు. పెద్దవాళ్లు ఇంట్లోకి రానివ్వరు కాబట్టి మొదట్నుంచీ వరండాలో సిమెంటు గచ్చు మీదే పడక. ఈ ఏడు తెల్లవారుజామున బాగా వణుకుతున్నాడు. లేచాక కాసేపు వెనక కాళ్లు ఈడుస్తున్నాడు. పాత దుప్పటి వేస్తే పొద్దుటికి చెమ్మచెమ్మగా ఉంటోంది. రేకుల గదిలో పెట్టి కుంపటి ఉంచమని ఒకరు, వంద వాట్ల బల్బు వేలాడదీయమని ఇంకొకరు చెబుతున్నారు. పెరట్లో కట్టెల వెనక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టి పది రోజులైంది. నాలుగు నాటుకోళ్లు కూడా ఉన్నాయి. వీటికి చలి తగలకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు కుంపటి మాట. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. గాలి సరిగా ఆడని చోట బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్న ప్రాణి లేవకుండానే పోతుంది. పొగ రావడం లేదు, నిప్పులు ఎర్రగా ఉన్నాయి, ఇక భయం లేదనుకుంటారు చాలామంది. పొగ లేకపోయినా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. రేకుల గది మీ పడకగదికి ఆనుకుని ఉంటే మీ ఇంట్లోవాళ్లకూ అదే ప్రమాదం.

బల్బు కూడా వద్దు. వంద వాట్ల పాతరకం బల్బుకు ఎండుగడ్డి తగిలితే రాజుకుంటుంది. కుక్క తోక ఊపినా, ఒళ్లు విదిలించినా బల్బు ఊగి గడ్డిలో పడొచ్చు. వైరు కొరికే అలవాటుంటే షాకు. పైగా రాత్రి పన్నెండింటికి కరెంటు పోతే అప్పటిదాకా వేడికి అలవాటు పడ్డ ఒళ్లు ఒక్కసారిగా చలిలో పడుతుంది. మీ మోతీకి కావలసింది బయటి నుంచి వేడి కాదు. వాడి ఒంట్లో వేడి సరిపడా ఉంది. అది రాత్రంతా కారిపోకుండా ఆపితే చాలు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, అంటే మనకన్నా ఎక్కువే. మీ వైపు డిసెంబరు, జనవరిలో మధ్యాహ్నం 27, 28 డిగ్రీల సెల్సియస్ ఉండి తెల్లవారేసరికి ఏడెనిమిదికి పడిపోవడం మామూలే. మంచు కురిసే దేశాల్లో కుక్కలకు లోపల దట్టంగా ఊలు లాంటి బొచ్చు పెరుగుతుంది. మన నాటు కుక్కకు ఉన్నది పొట్టి వెంట్రుక, పలచటి చర్మం, చర్మం కింద కొవ్వు కూడా తక్కువే. దాని ఒంట్లో వేడి మూడు దారుల్లో పోతుంది: కిందనున్న గచ్చు లాగేస్తుంది, చుట్టూ వీచే గాలి తీసుకుపోతుంది, ఒంటి మీది తడి ఆరుతూ పట్టుకుపోతుంది. ఈ మూడింట్లో గచ్చు అన్నిటికన్నా చెడ్డది. పొట్ట, ఛాతీ, తొడలు రాత్రంతా దానికే ఆనుకుని ఉంటాయి. పైన రెండు దుప్పట్లు కప్పి కింద గచ్చు వదిలేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

దుప్పటి చెమ్మగా ఎందుకవుతోందో కూడా ఇందులోనే ఉంది. కుక్క ఊపిరిలో, ఒంట్లో తేమ ఉంటుంది. ఆ వెచ్చటి తేమ గుడ్డలోంచి దిగి చల్లటి గచ్చుకు తగలగానే నీరవుతుంది. పైనుంచి మంచు కురుస్తుంది. నూలు దుప్పటి రెండింటినీ పీల్చుకుంటుంది. తెల్లారుజామున నాలుగు నుంచి ఆరున్నర దాకా, చలి అన్నిటికన్నా ఎక్కువున్న వేళకు, మోతీ తడిగుడ్డ మీద పడుకుని ఉంటున్నాడన్నమాట. మీకు పత్తి అందుబాటులో ఉంటుంది కాబట్టి బస్తాలో పత్తి కుక్కి పరుపు చేద్దామనిపించవచ్చు. అదీ ఇలాగే చెమ్మ పట్టి ముద్దకడుతుంది.

ఈ రాత్రికి ఇలా చేయండి. నాలుగైదు అట్టపెట్టెలు విప్పి ఒకదాని మీద ఒకటి పరవండి. వాటి మీద జానెడు ఎత్తున ఎండు వరిగడ్డి వేసి, చుట్టూ ఇటుకలు పేర్చి గడ్డి చెదరకుండా చేయండి. గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టండి. ఇంట్లో పాత గొంగడి ఉంటే గడ్డి మీద పరచండి. గొర్రె ఉన్ని కాస్త చెమ్మ తగిలినా వెచ్చదనం నిలుపుకుంటుంది, నూలు అలా నిలుపుకోదు. ఈ మాత్రానికే వణుకు చాలావరకు తగ్గాలి. ఈలోగా రెండు మూడు రోజుల్లో అసలు గూడు తయారుచేసుకోవచ్చు.

గూడు అనగానే చాలామంది పెద్దది కడతారు. అది తప్పు. గూట్లోని గాలిని వేడిచేయాల్సింది కుక్క ఒళ్లే. గూడు ఎంత పెద్దదైతే అంత గాలిని అది ఒక్కటే వేడిచేయాలి. లేచి నిలబడటానికి, ఒక చుట్టు తిరిగి ముడుచుకుని పడుకోవడానికి చాలినంత ఉంటే సరి. మోతీ బరువును బట్టి లోపల 3 అడుగుల పొడవు, రెండుంపావు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు సరిపోతాయి. ఒకసారి ముక్కు నుంచి తోక మొదలు దాకా టేపు పెట్టి చూడండి. 32 అంగుళాలు దాటితే పొడవు మరో మూడు అంగుళాలు పెంచండి.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పడుకోబెట్టి గడ్డి నింపడం తేలికైన పద్ధతే. 10, 12 కిలోల కుక్కకు అది చక్కగా పనికొస్తుంది కూడా. మోతీకి మాత్రం వద్దంటాం. డ్రమ్ము అడ్డకొలత రెండడుగుల లోపే. గడ్డి వేశాక నడుం వంచి దూరాల్సి వస్తుంది. కీళ్లు పట్టేసిన ముసలి కుక్క రెండు రోజులు చూసి మళ్లీ గచ్చు మీదికే వెళ్తుంది. వేరే చిన్న కుక్క కోసం ఎవరైనా డ్రమ్ము వాడాలనుకుంటే వంటనూనె వచ్చిన డ్రమ్మే తీసుకోండి. పురుగుమందులో, రసాయనాలో నింపిన డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా వాడకూడదు.

మీ వరండాలో ఒక మూల ఉంటుంది కదా, అక్కడ రెండు గోడలు మీకు ఉచితంగా ఉన్నట్టే. ఆ మూలలో గూడు కడితే 12 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ షీటు, 8 అడుగులకు 4 అడుగులది, ఒక్కటి చాలు. దాన్ని ముందు పొడుగ్గా రెండున్నర అడుగుల పట్టీ, ఒకటిన్నర అడుగుల పట్టీ వచ్చేలా కోయించండి. వెడల్పు పట్టీలోంచి మూడుంపావు అడుగులది పైకప్పుకు, 3 అడుగులది పక్క గోడకు వస్తాయి. మిగిలిన ముక్క ఒకటిముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. దాన్ని ఒకటింపావుకు తగ్గిస్తే ముందు గోడ. రెండుంపావు అడుగుల ముందు భాగంలో ఆ గోడ పోను ఒక అడుగు ఖాళీ ఉంటుంది, అదే ద్వారం. సన్న పట్టీలోంచి 3 అడుగులకు ఒకటిన్నర ముక్క ఒకటి, 3 అడుగులకు ముప్పావు అడుగు ముక్క ఒకటి కోసి పక్కపక్కన వేస్తే నేల సిద్ధం. ఇంకా మిగిలిన దాంట్లోంచి ద్వారం పైన అడ్డంగా 9 అంగుళాల ముక్క, కింద గడపలాగా 3 అంగుళాల ముక్క కొట్టండి. మధ్యలో 18 అంగుళాల ఎత్తు మిగులుతుంది. మోతీ తల కాస్త వంచి వెళ్లగలడు, గాలి మాత్రం నేరుగా దూరదు.

గడప ఎక్కువ ఎత్తు పెడితే గడ్డి బాగా నిలుస్తుంది గానీ, వెనక కాళ్లు ఈడ్చే కుక్క దాన్ని దాటలేదు. అందుకే 3 అంగుళాలు చెప్పాం. నేలను గచ్చు మీద నేరుగా వేయకండి. ఎరువుల దుకాణాల దగ్గర, గోదాముల దగ్గర పాత చెక్క ప్యాలెట్లు దొరుకుతాయి. ఒకటి కోయించి కింద పెడితే నాలుగైదు అంగుళాల ఎత్తు వస్తుంది. లేదంటే నాలుగు మూలలా, మధ్యలో ఇటుకలు పెట్టండి. కింద గాలి ఆడుతూ ఉంటే చెమ్మ పట్టదు, చీమలూ తక్కువ. నేల చెక్క కింద ఒక అంగుళం థర్మాకోల్ అతికిస్తే ఇంకా మేలు. లోపలి వైపు మాత్రం పెట్టొద్దు. కుక్కలు దాన్ని కొరికి మింగుతాయి, అది పేగుల్లో అడ్డం పడుతుంది. గూడు ఎత్తయింది కాబట్టి ద్వారం ముందు మెట్టులాగా ఒక రాయి వేసి, జారకుండా గోనెసంచి కప్పండి.

పైకప్పును మేకులతో బిగించకండి. పైన రెండు ఇటుకల బరువు పెడితే ఊడదు, శుభ్రం చేసేటప్పుడు ఎత్తేయొచ్చు. కప్పుకు రెండంగుళాల కింద, గాలి కొట్టని వైపు, అంగుళం వెడల్పున రెండు రంధ్రాలు వేయించండి. చలి అని ఒక్క సందు లేకుండా మూసేస్తే ఊపిరి తేమంతా కప్పుకు పట్టి మళ్లీ కుక్క మీదే కారుతుంది. రేకుల గదిలో తెల్లారేసరికి పైనుంచి చుక్కలు పడేది ఇందుకే. తేమతో పాటు మూత్రం ఘాటు కూడా లోపలే ఉండిపోయి దగ్గు మొదలవుతుంది. ద్వారానికి గోనెపట్టా సగం దాకా వేలాడదీయండి. దాన్ని నిలువునా మూడు పట్టీలుగా చీలిస్తే మోతీ తోసుకుని వెళ్లడం తేలిక. మొదటి రెండు మూడు రోజులు పట్టా తీసి ఉంచండి. లోపల కొద్దిగా తిండి పెట్టి అలవాటు చేశాక తగిలించండి. బలవంతంగా తోస్తే ఆ గూడంటేనే భయం పట్టుకుంటుంది.

ద్వారం ఏ వైపు ఉండాలన్నది మీ వరండాను బట్టి ఉంటుంది. చలికాలం గాలి మన దగ్గర ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. గోడలు, చెట్లు దాన్ని మళ్లిస్తాయి కూడా. తెల్లవారుజామున ఐదింటికి మోతీ పడుకునే ఎత్తులో ఒక అగరుబత్తి వెలిగించి పట్టుకోండి. పొగ ఎటు పోతుందో ఆ వైపు ద్వారం పెట్టండి.

పరుపు విషయంలో వరిగడ్డిని మించింది లేదు. లోపల బోలుగా ఉండే పోచల మధ్య గాలి నిలుస్తుంది, చెమ్మ కిందికి జారుతుంది, కుక్క దాన్ని కాళ్లతో కెలికి గుంట చేసుకుని అందులో ముడుచుకుంటుంది. మీ గూటికి మూడు నాలుగు కిలోల గడ్డి పడుతుంది. వదులుగా వేస్తే 8 నుంచి 10 అంగుళాలు లేవాలి. జొన్నచొప్ప మొదళ్లు, సోయా కట్టె గుచ్చుకుంటాయి, వాటిని వాడకండి. బూజు వాసన వచ్చే గడ్డి అసలే వద్దు, అది ఊపిరితిత్తులకు హాని. చేత్తో గుప్పెడు గడ్డి గట్టిగా పిండి చూడండి. ఫెళఫెళమంటే ఎండినట్టు, మెత్తగా మడతపడితే ఇంకా చెమ్మ ఉన్నట్టు. వారంలో గడ్డి అణిగిపోతుంది, పైన రెండు గుప్పిళ్లు వేస్తుండండి. రెండు వారాలకోసారి మొత్తం తీసి గూటిని మధ్యాహ్నం ఎండబెట్టి కొత్తది వేయండి. మోతీ మోచేతులు, తుంటి ఎముకలు ఒరుసుకోకుండా గడ్డి అడుగున, గడ్డి కుక్కి కుట్టిన గోనెసంచి ఒకటి వేస్తే మంచిది. దాన్ని మాత్రం రోజూ పదకొండు నుంచి మూడింటి దాకా ఎండలో వేయాలి.

ఇక కుంటడం. తొమ్మిదేళ్ల కుక్క పొద్దున్నే బిగుసుకుపోయి, పది నిమిషాలు తిరిగాక సర్దుకుంటోందంటే కీళ్ల అరుగుదల అయ్యే అవకాశం ఎక్కువ. చలి దాన్ని పెంచుతుంది గానీ పుట్టించదు. గూడు కుదిరాక వారం రోజుల్లో తేడా కనిపించాలి. పొద్దున ఎండ వచ్చాక, ఎనిమిది తర్వాతే నడిపించండి. అదీ దూరం తగ్గించి, పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు తుంటి మీద పది నిమిషాలు వేసి, వెంటనే పొడిగా తుడవండి. పక్కటెముకలు చేతికి తగలనంత ఒళ్లు చేసి ఉంటే బరువు తగ్గించడం ఏ మందుకన్నా ముందు చేయాల్సిన పని.

మీ ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మన లెక్కన ఇస్తే కాలేయానికి ప్రమాదం. పిల్లికైతే ఒక్క మాత్ర కూడా ప్రాణం తీస్తుంది. కుక్కలకు వాడదగ్గ నొప్పి మందులు వేరే ఉన్నాయి. బరువు తూచి, కిడ్నీల పరీక్ష చూసి డాక్టరే మోతాదు చెప్పాలి.

ఒక సంగతి దయచేసి కొట్టిపారేయకండి. వణుకు, కుంటడం రెండూ కలిసి ఉంటే అది చలే అనుకోనక్కర్లేదు. మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే జ్వరం చలికాలంలోనూ వస్తుంది. అందులోనూ కుక్క వణుకుతుంది, ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటుతుంది, తిండి తగ్గిస్తుంది. మధ్యాహ్నం ఎండలో పడుకున్నప్పుడు కూడా వణుకుతున్నాడా చూడండి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, లేత గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉన్నా, ముక్కులోంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్రటి చుక్కలున్నా ఆ రోజే పశువైద్యశాలకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద గోమార్లు ఉన్నాయేమో వెతకండి. వాటికి కిరోసిన్ రాసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. అది చర్మాన్ని కాలుస్తుంది, కుక్క నాకితే కడుపులోకీ పోతుంది. వయసు మళ్లిన కుక్క నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువసార్లు మూత్రం పోస్తుంటే కిడ్నీ, షుగరు పరీక్షలు కూడా అడగండి.

తిండి కాస్త పెంచాలి, కానీ అన్నం కాదు. ఇరవై కిలోల ముసలి కుక్కకు రోజుకు సుమారు 950 కేలరీలు కావాలి. బయట పడుకునే కుక్కకు చలి రోజుల్లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఎక్కువ పడుతుంది. రెండు ఉడికించిన గుడ్లు దాదాపు 150 కేలరీలు, మోతీకి ఆ లోటు వాటితో తీరుతుంది. ఇప్పటికే లావుగా ఉంటే ఒక్కటి చాలు. రాత్రి తిండి ఏడున్నర, ఎనిమిది మధ్య గోరువెచ్చగా పెట్టి, మూత్రానికి ఒకసారి తిప్పి పడుకోబెట్టండి. అరుగుదల జరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. వేడి చేస్తుందని మాంసం కొవ్వు, నూనె ఒక్కసారిగా ఎక్కువ పెడితే క్లోమం వాచి వాంతులవుతాయి. ఉల్లి, వెల్లుల్లి వేసి వండిన కూర, ఉడికించిన కోడి ఎముకలు ఏ కాలంలోనూ పెట్టకూడదు. చలికి కుక్కలు నీళ్లు తాగడం తగ్గిస్తాయి. మోతీకి రోజుకు లీటరు దాకా పడాలి. ఉదయం, సాయంత్రం గోరువెచ్చటి నీళ్లు మార్చండి, తిండిలో కూడా ఒక గ్లాసు కలపండి.

చలికి రెండు చుక్కల బ్రాందీ పోయడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. సారా వల్ల చర్మం దగ్గరి రక్తనాళాలు విప్పారుకుంటాయి. ఒళ్లు వెచ్చబడినట్టు కనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది. కుక్కపిల్లలకు, కోడిపిల్లలకు అది ప్రాణాంతకం.

స్నానం నెలకు ఒకసారి చాలు, అదీ మిట్టమధ్యాహ్నం. పూర్తిగా ఆరేదాకా ఎండలోనే ఉంచాలి. స్వెట్టరు పొద్దున నడకకు వేయొచ్చు. గూట్లో గడ్డి ఉన్నాక రాత్రి అవసరం లేదు, ఒక్కడే ఉన్నప్పుడు మేకుకు తగులుకుంటే విడిపించేవారుండరు. తడిసిన స్వెట్టరు ఒంటి మీద ఉండటం కన్నా ఏమీ లేకపోవడం నయం.

గొలుసు సంగతి మీరు రాయలేదు. రాత్రి కట్టేసే అలవాటుంటే మానండి. కట్టిన కుక్క గాలి తగలని చోటికి జరగలేదు, గొలుసు గూటికి చుట్టుకుంటే లోపలికీ పోలేదు. మీది కవ్వాల్ అడవికి దగ్గరి ప్రాంతం. చిరుత తిరిగే చోట్ల గొలుసుతో కట్టిన కుక్క దానికి సులువుగా దొరుకుతుంది. మీ ఊరి పక్కన జాడలున్నాయని అటవీ సిబ్బంది చెబితే గూటిని గ్రిల్లు ఉన్న వరండాలోకి మార్చి, రాత్రి తలుపు వేయండి. ఇంకొకటి, ఊళ్లో చలిమంటలు ఆరాక కుక్కలు వెచ్చటి బూడిదలో పడుకుంటాయి. లోపల నిప్పు కణికలు ఉంటాయి, పొట్ట కాలుతుంది. పడుకునే ముందు మంట మీద నీళ్లు పోసి కలియబెట్టండి.

పిల్లి దగ్గరికి వద్దాం. పిల్లల్ని మీరు చేత్తో ఎత్తి మార్చకండి. చోటు పదేపదే కదిలిస్తే తల్లి వాటిని ఇంకా అధ్వాన్నమైన చోటికి మోసుకుపోతుంది. చేపలు, మందులు వచ్చే థర్మాకోల్ పెట్టె ఒకటి, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పుది తీసుకుని సబ్బుతో కడిగి ఎండబెట్టండి. ఒక చివర, పెట్టె అడుగుభాగం నుంచి మూడంగుళాల పైన, 6 అంగుళాల గుండ్రటి రంధ్రం కోసి అంచుకు టేపు వేయండి. ఆ రంధ్రంలోంచి తల్లి దూరగలదు, మోతీ దూరలేడు. మూతకు మరో చిన్న రంధ్రం గాలికి. లోపల సన్నగా తరిగిన వరిగడ్డి వేయండి. దారాలు లేచే గుడ్డలు వద్దు, పిల్లల గోళ్లు చిక్కుకుంటాయి. పెట్టెను రెండు ఇటుకల మీద, కట్టెలకు ఆనించి, టార్పాలిన్ కప్పి పెట్టి వదిలేయండి. నచ్చితే తల్లే పిల్లల్ని మారుస్తుంది. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా రెండు, మూడింతల తిండి కావాలి. రోజుకు మూడుసార్లు చేపో, కోడిమాంసమో, గుడ్డో పెట్టండి. తల్లికి కడుపు నిండితే పిల్లల్ని వదిలి ఎక్కువసేపు తిరగదు. వాటికి అదే పెద్ద రక్షణ.

ఎప్పుడైనా ఒక పిల్ల చల్లబడి కదలకుండా దొరికితే పాలు పట్టడానికి తొందరపడకండి. చల్లబడిన పిల్లకు పేగులు కదలవు, మింగే శక్తి ఉండదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు మీ ఒంటికి ఆనించి, పైన గుడ్డ కప్పి, అరగంట నుంచి గంట పట్టినా సరే నెమ్మదిగా వెచ్చబరచండి. కదిలి అరవడం మొదలుపెట్టాక తల్లి దగ్గర పెట్టండి. కుక్కపిల్లలకూ ఇదే పద్ధతి. పుట్టిన మొదటి వారం వాటికి వణకడం కూడా రాదు.

పిల్లులు వేడి కోసం ఆగిన కారు, ట్రాక్టరు ఇంజన్ మీదికి ఎక్కుతాయి. పొద్దున స్టార్టు చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి ఒక నిమిషం ఆగండి. బండిలో పోసే కూలెంట్ తియ్యగా ఉంటుంది, కారితే జంతువులు నాకుతాయి. ఒక చెంచాడు పిల్లిని చంపగలదు, గంటల్లో కిడ్నీలు పోతాయి. కింద చుక్క కనిపిస్తే ఇసుక చల్లి ఎత్తేసి నీళ్లతో కడగండి. పంట ఇంటికి వచ్చే కాలం కాబట్టి ఎలుకల మందు పెడుతుంటారు. ఆ మందే కాదు, దాన్ని తిని చచ్చిన ఎలుక కూడా పిల్లికీ కుక్కకూ విషమే.

కోళ్లకు ఎక్కువ చేయాల్సిందేమీ లేదు. నేల మీద పడుకోనివ్వకుండా రెండడుగుల ఎత్తున, రెండంగుళాల వెడల్పున్న చదునైన కర్ర అడ్డం కట్టండి. సన్నటి కర్రయితే వేళ్లు బయట ఉండిపోతాయి. చదునుగా ఉంటే కోడి పొట్ట ఈకలతో వేళ్లు కప్పుకుని కూర్చుంటుంది. గాలి వైపు గోనెపట్టా కట్టి పైన ఆరంగుళాలు వదలండి. కింద మూడంగుళాల వరిఊక వేయండి. పొద్దున గూట్లో తలపెడితే ముక్కు మండుతోందంటే గాలి చాలడం లేదని గుర్తు. సాయంత్రం ఒక్కోదానికి గుప్పెడు జొన్నలో, మొక్కజొన్న నూకో వేయండి. కొక్కెర తెగులు టీకా వేయించి ఎంతకాలమైందో చూసుకోండి. ఆ తెగులు వస్తే ఏ వెచ్చదనమూ కాపాడదు.

ఒక డిజిటల్ థర్మామీటరు ఈ జంతువుల కోసం విడిగా కొని ఉంచండి. మోతీ ఎప్పుడైనా తడిసి, లేదా తెల్లారుజామున తూలుతూ, చెవులు చల్లబడి కనిపిస్తే, థర్మామీటరు కొనకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడండి. 98, 99 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే పొడి తువ్వాలుతో తుడిచి, ఇంట్లోకి తెచ్చి గొంగడి చుడితే కోలుకుంటాడు. ఆ ఒక్క పూట ఇంట్లోకి రానివ్వమని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించి పెట్టుకోండి. 98 లోపుంటే గోరువెచ్చటి నీళ్ల సీసాలు రెండు గుడ్డలో చుట్టి చంకల దగ్గర, పొట్ట పక్కన పెట్టండి. మీ మణికట్టు లోపలి వైపు పెట్టుకుంటే చురుక్కుమనకూడదు. చల్లబడిన చర్మానికి స్పర్శ తక్కువ, కాలుతున్నా వాడు చెప్పలేడు. మంట దగ్గర కూర్చోబెట్టడం, వేడినీళ్లు పోయడం, కాళ్లు గట్టిగా రుద్దడం చేయకండి. తెలివిగా ఉండి మింగగలిగితేనే బెల్లం నీళ్లు ఒక చెంచా నాలిక మీద పెట్టండి. పదిహేను నిమిషాలకోసారి మళ్లీ చూస్తూ 100 వచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా వణికిన కుక్క, ఒళ్లు ఇంకా చల్లగా ఉండగానే వణకడం ఆపేస్తే అది తేరుకోవడం కాదు, వణికే శక్తి అయిపోవడం. వేడి 95 లోపున్నా, పిలిస్తే పలకకపోయినా గొంగడిలో అలాగే చుట్టి వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

ఫిబ్రవరి ఆఖరుకు గడ్డంతా తీసి ఊరి బయట కాల్చేయండి, గోమార్లు అందులోనే గుడ్లు పెడతాయి. గూటి సందుల్లో మరిగే నీళ్లు పోసి రెండు రోజులు ఎండబెట్టి, ముందు గోడ, గోనెపట్టా విప్పి దాచుకుంటే వచ్చే కార్తీకానికి పనికొస్తాయి.